ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టిన సికింద్రాబాద్ మనిషి మనకెందుకు తెలియదు?

అమ్ముగూడ రోడ్:
అందరికీ నమస్కారం. మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర ఆటల మీదికి మాట మళ్లింది. హైదరాబాద్ నుంచి వచ్చిన గొప్ప ఆటగాళ్లు ఎవరెవరని లెక్కేస్తుంటే అజారుద్దీన్, లక్ష్మణ్, సానియా, సైనా, సింధు, సిరాజ్... అక్కడితో ఆగిపోయింది. నేను తులసీదాస్ బలరాం అన్నాను. అంతమందిలో ఒక్కరికీ తెలియదు, ఒకాయనైతే పాత సినిమా నటుడా అని అడిగాడు. నిజంగా బాధేసింది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. బలరాం పుట్టింది 1936లో, సికింద్రాబాద్ అమ్ముగూడలో. ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు, ఆ ఏడాది మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీద ఇంకోటి. ఆ హంగరీ జట్టు మామూలుది కాదు, అందులో ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అలాంటివాళ్లతో మనం 2-1 తేడాతో మాత్రమే ఓడాం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ బలరాం ఉన్నాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురినీ కలిపే చెప్పుకునేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, బలరాంకి రాలేదు. అర్జున ఒక్కటే.

2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో చనిపోయాడు. ఇక్కడ ఎంతమందికి తెలిసిందో నాకైతే అనుమానమే. ఎందుకిలా జరిగింది? ఇలా మనం వదిలేసినవాళ్లు ఇంకెవరున్నారు?

పాత స్కోర్‌బోర్డు:
మంచి ప్రశ్న వేశారండి. బలరాం ఒక్కడే కాదు, ఆ తరం మొత్తానికీ ఇదే గతి పట్టింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచి తెచ్చింది. ఐదుసార్లండీ! ఆ జట్టుని తయారుచేసిన రహీం సాబే దేశం జట్టుకీ కోచ్. కుర్రాళ్లకి డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నెట్టుకుంటూ పోవడం, లేకుండా ఆడే పోటీలు పెట్టేవాడు, బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే పోటీలు పెట్టేవాడు, బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించడం అలవాటవ్వాలని. నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్, వీళ్లంతా మన గ్రౌండ్లలో పెరిగినవాళ్లే. జకార్తాలో గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టిందీ హైదరాబాద్‌లోనే.

రహీం సాబ్ జకార్తా గెలుపు తర్వాత ఏడాది కూడా బతకలేదు, 1963 జూన్‌లో కేన్సర్‌తో పోయాడు. ఆ మధ్య ఆయన మీద హిందీ సినిమా వచ్చాకగానీ చాలామందికి ఆయన పేరు కూడా తెలియలేదు. బలరాం కూడా ఇంచుమించు అప్పుడే ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై రాకముందే ఆట మానేయాల్సి వచ్చింది. అంటే మంచి ఊపు మీదున్నప్పుడే ఆ కథ తెగిపోయింది. టీవీ లేని రోజులు, మళ్లీ వేసి చూపిద్దామన్నా ఆటల వీడియోలు లేవు.

బంజారా కుర్రాడు:
అన్నా, మరిచిపోయాం అనే మాటతో నేను ఒప్పుకోను. మరిచిపోవాలంటే ముందు తెలిసుండాలి కదా. బలరాం 1957లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు, 1961లో ఆ జట్టుకి కెప్టెన్ అయ్యాడు, ఆ తర్వాత అక్కడే ఉత్తర్‌పాడాలో హుగ్లీ నది పక్కన ఉండిపోయాడు. అక్కడి పెద్దవాళ్లని అడిగితే ఇప్పటికీ బలరాం గురించి కళ్లకు కట్టినట్టు చెప్తారు. నేను నాలుగేళ్లు కోల్‌కతాలో ఉద్యోగం చేశాను. మా ఇంటి ఓనరు నాది హైదరాబాద్ అని తెలియగానే అడిగిన మొదటి మాట బిర్యానీ గురించి కాదు, బలరాం గురించి. నాకు తెలియదన్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను ఆ రోజు. ఆ రాత్రే కూర్చుని వెతికి చదివాను.

అసలు తప్పు మన స్కూలు పుస్తకాలదీ, మన పత్రికల ఆటల పేజీలదీ అని నా ఉద్దేశం. పేజీ నిండా క్రికెట్టే, మూలన నాలుగు లైన్లు మిగతా ఆటలు.

శ్రీకాకుళం ఆడపడుచు:
ఫుట్‌బాల్ గురించి నాకు పెద్దగా తెలియదుగానీ మా జిల్లా కరణం మల్లీశ్వరి మాట తప్పకుండా చెప్పాలి. అందరికీ తెలుసు కదా అంటారు. ఏం తెలుసు? 2000 సిడ్నీలో కాంస్యం, 69 కిలోల విభాగం, మొత్తం 240 కిలోలు ఎత్తింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ, అంతవరకే. అంతకుముందే 1994లోనూ 95లోనూ ప్రపంచ ఛాంపియన్ అని ఎంతమందికి తెలుసు? అదీ 54 కిలోల విభాగంలో. అక్కడి నుంచి 69కి మారి ఒలింపిక్ పతకం తేవడమంటే ఒంటిని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడమే. మా ఇంట్లో పిల్లలకి ఈ సంగతి చెప్తే, "రెండుసార్లు ప్రపంచ ఛాంపియనా, మరి మాకెవరూ చెప్పలేదేం?" అన్నారు.

పాత స్కోర్‌బోర్డు:
నిజమేనమ్మా. ఇంకో పేరు కూడా చెప్తాను, ఎస్‌.ఎం. హాదీ. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టింది ఈ హైదరాబాదీయే, మొదలైన 1934-35 సీజన్‌లోనే. అంతకు పదేళ్ల ముందు 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు. ఏడు ఆటలు ఆడేవాడని రెయిన్‌బో హాదీ అనేవారు. క్రికెట్ పిచ్చి ఉన్న ఊళ్లో క్రికెట్ రికార్డున్న మనిషి పేరే తెలియకపోతే పాపం ఫుట్‌బాల్ వాళ్లని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

లాలాగూడ రైల్వే క్వార్టర్స్:
ఇవన్నీ చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన వర్క్‌షాప్‌లో ఫిట్టర్. పోలీస్ జట్టు మ్యాచ్ ఉందంటే డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా సైకిల్ మీద ఫతే మైదాన్ వెళ్లిపోయేవారట. ఇప్పటి ఎల్‌బీ స్టేడియం అదే. బలరాం గురించి మాత్రం ఒక్కటే మాట అనేవారు, "వాడు బంతి కోసం పరిగెత్తడురా, బంతి ఎక్కడికొస్తుందో ముందే వెళ్లి నిలబడతాడు." చిన్నప్పుడు మాకు అర్థమయ్యేది కాదు. నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఆయన దాచుకున్న పేపరు ముక్కలు ఒక రేకు డబ్బాలో ఉన్నాయి, కొన్ని ఉర్దూవి, కొన్ని ఇంగ్లీషువి. నాకు ఉర్దూ చదవడం రాదు.

అమ్ముగూడ రోడ్:
అన్నా, ఆ డబ్బా దయచేసి పడేయకండి. మా పక్కింటి తాతగారికి ఉర్దూ బాగా వచ్చు, మీరు ఒప్పుకుంటే ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని వస్తాను. మీరు పక్కన కూర్చుంటే ఒక్కొక్కటీ చదివించి రాసుకుందాం.