అమ్మకి ఇదే మొదటి సముద్రం: హేవ్‌లాక్‌లో ఎన్ని రోజులు ఉండాలి?

నిజామాబాద్ నుంచి:
డిసెంబరులో అమ్మానాన్నలతో, ఏడేళ్ళ పాపతో అండమాన్ వెళ్తున్నాం. అమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. హేవ్‌లాక్ దీవికి పొద్దున వెళ్ళి అదే రోజు పోర్ట్ బ్లెయిర్ వచ్చేయొచ్చని ఏజెంటు అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

విశాఖ నుంచి:
అలా మాత్రం చేయకండి. పోయిన జనవరిలో మా నాన్నగారిని తీసుకెళ్ళాను, ఆయనవీ మోకాళ్ళే. బోటులో వెళ్ళడానికే దాదాపు రెండు గంటలు, ముందు జెట్టీలో చెకింగ్, లైను. రానూపోనూ అదే సరిపోతుంది. కనీసం రెండు రాత్రులు ఉండండి.

ఇంకోటి, అక్కడ గడియారం మనదే కానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. రాధానగర్ బీచ్‌కి మూడింటికే చేరుకోండి. అక్కడి ఇసుక పిండిలా మెత్తగా ఉంటుంది. మా నాన్నగారు చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి, తర్వాత చెయ్యి వదిలేశారు. చీకటి పడేదాకా నీళ్ళ అంచునే నడిచారు. నాకు ఆ ట్రిప్పంతా అదే.

రూములు ఎక్కువగా తూర్పు వైపు, విజయనగర్, గోవిందనగర్ బీచ్‌ల దగ్గర ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ, ఆటు వచ్చిందంటే నీళ్ళు దూరం వెళ్ళిపోయి రాళ్ళు బయటపడతాయి. స్నానానికి రాధానగరే నయం.

నిజామాబాద్ నుంచి:
చాలా థాంక్స్ అన్నా. నాన్నని ఎలిఫెంట్ బీచ్‌కి తీసుకెళ్ళొచ్చా?

విశాఖ నుంచి:
వద్దు. స్పీడ్ బోటు ఎక్కడం, దిగడం మోకాళ్ళకి కష్టం. లేదంటే అడవిలో నడవాలి. మీరూ పాపా వెళ్ళిరండి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి:
నేనిక్కడే ఉంటాను. ముందు బోటు టికెట్లు, ఆ తర్వాతే హోటల్. సముద్రం బాగోకపోతే బోట్లు ఆపేస్తారు, అందుకే ఫ్లైట్ ముందు రాత్రి ఇక్కడే ఉండేలా చూసుకోండి. హేవ్‌లాక్‌కి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని, మా ఊరికి 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు. బోర్డు చూసి కంగారు పడకండి. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట, లైఫ్‌గార్డ్ వద్దన్నచోట నీళ్ళలోకి దిగొద్దు.

గుల్లలు, పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోకూడదని పాపకి ముందే చెప్పండి. మా అన్న కూతురు ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. కాసేపటికి అందులోంచి సన్నటి ఎర్రకాళ్ళు బయటికొచ్చాయి. చిన్న పీత. దాని ఇల్లు అదే. పిల్ల తనే వెనక్కి వెళ్ళి, తీసినచోటే పెట్టి వచ్చింది.

నిజామాబాద్ నుంచి:
ఏజెంటుకి ఫోన్ చేసి హేవ్‌లాక్ మూడు రాత్రులు చేయించాను. అమ్మ పక్కనే కూర్చుని ఇవన్నీ చదివించుకుంది. చీరతోనే నీళ్ళలోకి దిగొచ్చా అని అడగమంటోంది.

విశాఖ నుంచి:
నిక్షేపంగా దిగొచ్చని చెప్పండి. తేలికపాటి పాత చీర కట్టుకుని, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోమనండి. మొదటి అల వచ్చినప్పుడు కాళ్ళకింద ఇసుక జారుతుంది, చెయ్యి పట్టుకోండి.