వాంతులు తగ్గి మూడు వారాలు కావస్తున్నా పాపకు పొట్ట కుదుటపడలేదు

ప్రశ్న (కోనసీమ, లంక గ్రామం నుంచి ఒక తల్లి)

మా పాపకు 20 నెలలు. గోదావరి వరద తీసిన వారంలో పాపకు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో వాంతులు కట్టాయి, జ్వరమూ పోయింది. అయితే నేటికి 19 రోజులైనా రోజుకు నాలుగైదుసార్లు పల్చగా, నురగతో, పుల్లటి వాసనతో విరేచనం అవుతూనే ఉంది. గేదెపాలు తాగిన గంటలోపే పొట్ట ఉబ్బి, గుడగుడమని చప్పుడు చేసి, వెంటనే వెళుతోంది. పిర్రల మధ్య ఎర్రగా ఒరిసిపోయి, కడగబోతే కాళ్లు బిగబట్టి ఏడుస్తోంది. రక్తం పడటం లేదు, ఆట మానలేదు, కానీ అంగన్‌వాడీలో తూచితే 10.2 కిలోలున్న పిల్ల 9.9కి దిగింది.

పళ్లు వస్తున్నాయి కాబట్టే ఇలా అవుతోందని మా అత్తగారు అంటున్నారు, దిష్టి కూడా తీశారు. అన్నం మాన్పించి ఉత్త సగ్గుబియ్యం జావ మీద ఉంచమని పక్కింటి పిన్నిగారు చెబుతున్నారు. మందుల షాపతను విరేచనాలు కట్టే మాత్ర సగం చేసి వేయమన్నాడు గాని, నాకు ధైర్యం చాలలేదు. నీరసించకుండా ఆపిల్ రుచి ఉన్న డబ్బా పానీయం రోజుకు రెండు పట్టిస్తున్నాను. ఇంకెన్నాళ్లు ఆగవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (పాలకొల్లు నుంచి ఒక తల్లి)

మా బాబుకు ఏడాదిన్నరప్పుడు అచ్చం ఇలాగే అయింది. డాక్టరుగారు పాలు మాత్రమే కొన్నాళ్లు ఆపించి, బాగా తోడుకున్న పెరుగుతో అన్నం పెట్టమన్నారు. నాలుగో రోజుకే విరేచనం చిక్కబడింది. నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీటికని తెలియక, చిటికెడు చొప్పున గ్లాసులో కలిపి, మిగిలిన పొట్లాన్ని మడిచి మర్నాటికి దాచేదాన్ని. ఒక్కోసారి ఉప్పగా, ఒక్కోసారి నీళ్లలా ఉండేది. పొట్లమంతా లీటరు నీటిలో ఒకేసారి కలిపి, 24 గంటలు దాటితే పారబోయాలి.

సమాధానం 2 (కాకినాడ, పిల్లల వార్డులో పనిచేసి పదవీ విరమణ చేసిన నర్సు)

అమ్మా, ఆ మాత్ర వేయకపోవడం చాలా మంచి పని, పసిపిల్లలకు అది ప్రమాదం. పళ్ల మీద తోసేయవద్దు. మీరు చెప్పిన నురగ, పులుపు, ఒరుపు మూడూ పాలలోని చక్కెర అరగకపోవడాన్నే సూచిస్తున్నాయి. వరద నీరు నిలిచిన నారుమడిలో ముందు కొనలు కుళ్లినట్టే, ఈ జబ్బులో పేగు లోపలి నూగు కొనలు దెబ్బతింటాయి. పాల చక్కెరను అరిగించే లాక్టేజ్ ఆ కొనల దగ్గరే ఉంటుంది కాబట్టి, అవి మళ్లీ మొలిచేదాకా పాలు అరగక పేగులో పులుస్తాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. పెరుగులో ఆ చక్కెర కొంత ముందే విరిగిపోయి ఉంటుంది కాబట్టి పిల్లలు తట్టుకుంటారు. తల్లిపాలు ఇంకా ఇస్తుంటే వాటిని మాత్రం ఆపకండి.

డబ్బా పానీయం ఈ రోజే మానేయండి. అందులోని చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాన్ని పెంచుతుంది. ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టుకుని అమ్మిన ఇటువంటి తీపి పానీయాల మీద ఆ పేరు ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఆదేశించింది కూడా. కడుపు మాడ్చడం అంతకన్నా తప్పు, తిండి లేకపోతే పేగు మానదు. పెసరపప్పు అన్నంలో చెంచా నెయ్యి, గుడ్డు, ముళ్లు తీసిన చేప, ఉడికించి మెదిపిన పచ్చి అరటికాయ పెట్టండి. మీ ఊళ్లో అరటికి కొదవేముంది! జింకు మందు రాసే ఉంటారు. ఈ వయసుకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున, విరేచనాలు తగ్గినా సరే, 10 నుంచి 14 రోజులు వేయాలి.

ఇంత చెప్పినా, ఇంట్లో ఆగమని నేను అనను. 14 రోజులు దాటిన విరేచనాలను వైద్యులు వేరుగా లెక్కిస్తారు, పైగా బరువు 300 గ్రాములు తగ్గింది. ఒకటి రెండు రోజుల్లో పిల్లల డాక్టరుకు చూపించండి. రక్తం కనిపించినా, మళ్లీ జ్వరం వచ్చినా, కళ్లు గుంటపడినా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా ఆ పూటే బయలుదేరండి.

సమాధానం 3 (రాజోలు నుంచి ఒక తండ్రి)

నీటి సంగతి కూడా చూసుకోండి. కాలువ నీటితో నింపిన ఊరి చెరువు నుంచే మా కుళాయి నీళ్లు వస్తాయి. వరద రోజుల్లో మేము నీటిని తెర్లకాచి చల్లారుస్తాం, పాప గ్లాసునూ ఆ నీటితోనే కడుగుతాం. కొబ్బరినీళ్లు చాలవా అని మా ఇంట్లో అడిగారు గాని, వాటిలో సోడియం తక్కువ కాబట్టి అవి ఓఆర్‌ఎస్‌కు బదులు కావని డాక్టరు అన్నారు.

మళ్లీ అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు పరీక్షించి, పాలు రెండు వారాలు ఆపమన్నారు. జింకు మందు నేను నాలుగో రోజే మానేశానని అక్కడ బయటపడింది, మళ్లీ మొదలుపెట్టించారు. ఇప్పుడు రోజుకు రెండుసార్లే వెళుతోంది, ఒరుపు మానింది, బరువు సరిగ్గా 10 కిలోలు. నిన్న మాత్రం వాళ్ల నాయనమ్మ గ్లాసులోని పాలు నాలుగు గుక్కలు తాగేసి, సాయంత్రానికి మళ్లీ నురగ చూపించింది.