సైకిల్‌పై కూడబెట్టిన నిమిషాలు పరుగులో నిలుస్తాయా?

బీచ్‌రోడ్ రన్నర్: గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేయాల్సిన పోటీ) హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ వెళ్లే మనవాళ్ల మధ్య తెగని వాదన ఇది. 90 కిలోమీటర్ల సైకిల్ భాగంలో సత్తా కొద్దీ తొక్కి సమయం కూడబెట్టుకోవాలా, 21.1 కిలోమీటర్ల పరుగు కోసం కాళ్లను కాపాడుకోవాలా? కాపాడుకోవాలనే నేనంటాను. 2024లో హవాయిలోని కోనాలో, దీనికి రెట్టింపు దూరాలతో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో శామ్ లెయిడ్‌లో 180 కిలోమీటర్లను 3:57:22లో తొక్కి రికార్డు సృష్టించాడు, కానీ మారథాన్‌లో చతికిలబడి 18వ స్థానానికి జారిపోయాడు. సైకిల్‌పై అతని వెనుక ఉన్న పాట్రిక్ లాంగె మాత్రం పరుగు బలంతో 7:35:53లో ముగించి, కొత్త కోర్సు రికార్డుతో గెలిచాడు.

వాట్ మీటర్: బీచ్‌రోడ్ రన్నర్ గారూ, అదే లెయిడ్‌లో 2022లో అదే కోనాలో 4:04:36తో అప్పటి సైకిల్ రికార్డు నెలకొల్పాక కూడా మారథాన్‌ను 2 గంటల 44 నిమిషాల్లో పరుగెత్తి, విజేత గుస్తావ్ ఈడెన్‌కు రెండు నిమిషాల తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏకంగా ప్రపంచ విజేత అయ్యాడు. గట్టిగా తొక్కడమే పరుగును దెబ్బతీసేదైతే ఈ రెండు ఫలితాలు ఎలా వచ్చాయో మీరు చెప్పాలి.

నెమ్మది పెడల్: ఒక్క క్రీడాకారుడి మూడు పోటీలతో ఈ వాదన తేలదు, మన స్థాయి లెక్క వేసుకుందాం. చదును రోడ్డుపై మనం పెట్టే శక్తిలో అధిక భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది, గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. అందువల్ల 90 కిలోమీటర్లను మూడు గంటల్లో తొక్కే వ్యక్తి పెడల్‌పై పెట్టే సగటు శక్తిని 190 వాట్ల నుంచి 200 వాట్లకు పెంచుకున్నా అతనికి మిగిలేది సుమారు మూడు నిమిషాలే. కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున పరుగెత్తే ఆ వ్యక్తి, ఒంట్లో శక్తి ఉడిగి, పది నిమిషాల చొప్పున ముప్పావు కిలోమీటరు నడిచాడంటే ఆ మూడు నిమిషాలూ అక్కడితో సరి.

నడక ఎందుకు వస్తుందంటే, మన హద్దుకు దగ్గరగా తొక్కేకొద్దీ కండరాలు కొవ్వును తక్కువగా, గ్లైకోజెన్‌ను (ఒంట్లో పరిమితంగా నిల్వ ఉండే పిండిపదార్థాన్ని) ఎక్కువగా వాడుకుంటాయి. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థాన్ని జెల్‌ల రూపంలో తీసుకున్నా ఆ లోటు పూర్తిగా భర్తీ కాదు. పైగా తీవ్రత పెరిగి ఒళ్లు వేడెక్కినప్పుడు కడుపు ఆ జెల్‌లను కూడా సరిగా తీసుకోదు, గోవా ఉక్కపోతలో ఇది మరీ ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కుతూనో, ముందున్నవారిని దాటుతూనో 300 వాట్లకు ఎగబాకిన ఆ కొద్ది క్షణాలు సగటు వాట్లలో కనబడవు. నార్మలైజ్డ్ పవర్‌ను (ఇలాంటి ఎగబాకుళ్లకు ఎక్కువ బరువిచ్చి లెక్కగట్టే శక్తిని) సగటుతో పోల్చి చూస్తేనే అవి బయటపడతాయి. నన్నడిగితే పరుగును చెడగొట్టేవాటిలో ముందు చెప్పుకోవలసింది ఈ ఎగబాకుడునే.

వాట్ మీటర్: నెమ్మది పెడల్ గారి లెక్కను ఒప్పుకుంటాను గానీ, అది అందరికీ ఒకేలా వర్తించదు. ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ శక్తి, 250 వాట్లు ఉన్నవారికి 200 అంటే 80 శాతం. బాగా సాధన చేసినవారు ఈ దూరానికి సాధారణంగా ఎంచుకునే తీవ్రత అంతే ఉంటుంది కనుక, వారు 190 దగ్గర ఆగితే మూడు నిమిషాలు చేజేతులా వదులుకున్నట్టే. ఎఫ్‌టీపీ 220 ఉన్నవారికి అదే 200 వాట్లు 90 శాతం దాటుతుంది, వారి పరుగు దెబ్బతినక తప్పదు.

బీచ్‌రోడ్ రన్నర్: అయితే నా మాటను కొంచెం సవరించుకుంటాను: ఎఫ్‌టీపీని ఈ మధ్య కొలుచుకోనివారు కాళ్లను కాపాడుకోవాలి. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 2023లో వచ్చిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌పై ట్రాఫిక్ అడ్డు లేదు, నీడ కూడా ఉంటుంది. అక్కడ రెండు ఆదివారాలు ఒకే వేళకు, ఒకే తిండి తిని, ఒకసారి ఎఫ్‌టీపీలో 75 శాతంతో, మరోసారి 82 శాతంతో 90 కిలోమీటర్లు తొక్కి, దిగిన వెంటనే ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తినవారు, ప్రతి కిలోమీటరుకూ పట్టిన సమయాన్నీ గుండె వేగాన్నీ ఇక్కడ పెట్టగలరా? చివరి మూడు కిలోమీటర్ల అంకెలు తప్పనిసరిగా కావాలి.