అప్‌డేట్: కాకినాడలో మకాం పెట్టి పాత గుళ్ళు చూసొచ్చాం

మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో శని, ఆదివారాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు చూడాలంటే ఎక్కడ ఉండాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఎక్కువమంది కాకినాడ అన్నారు, అలాగే చేశాం. మీ అందరికీ చాలా థ్యాంక్స్.

సామర్లకోట రైల్వే స్టేషన్‌లో దిగి ముందు అక్కడి శివాలయం కుమారారామం చూశాం. శివలింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది. అమ్మ మెట్లెక్కలేక కిందే దణ్ణం పెట్టుకుంది. ద్రాక్షారామంలోనూ రెండంతస్తులే కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే తొందర పెట్టకండి. మధ్యాహ్నం గుడి మూస్తారు, పొద్దున్నే బయల్దేరండి. అక్కడ స్తంభాల మీదా గోడల మీదా ఎక్కడ చూసినా శాసనాలే. లిపి చదవడం రాకపోయినా నాకు కదలబుద్ధి కాలేదు.

అసలు నా మనసు దోచింది బిక్కవోలు. 9వ శతాబ్దంలో గుణగ విజయాదిత్యుడి కాలం నాటి తూర్పు చాళుక్యుల గుళ్ళు అవి. గోలింగేశ్వరాలయం గోడల మీది శిల్పాలు దగ్గర నుంచి చూడాలి. ఊళ్ళో పెద్ద వినాయకుడి దగ్గర జనం ఉన్నారు కానీ, పొలాల మధ్య ఉన్న పాత గుళ్ళ దగ్గర ఎవరూ లేరు. అంత పాత కట్టడాలను పక్క ఊళ్ళవాళ్ళు కూడా చూడరంటే బాధేసింది. పిల్లల్ని తీసుకెళ్ళండి, ప్లీజ్.

కాకినాడలో సాయంత్రం బీచ్, తర్వాత కాజాలు కొన్నాం. ఆటో కన్నా రోజంతటికీ కారు మాట్లాడుకోవడమే మేలు. కోరింగ మడ అడవులకు టైమ్ చాల్లేదు.