విచారణలో (మా చర్చి పరిధిలో) పేదల సాయం మొదలుపెడుతున్నాం: బియ్యం బస్తా ఇవ్వాలా, ఇంకేమైనా చెయ్యాలా?

లంకగట్టు (ప్రశ్న)

మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయ పక్కనున్న విచారణ. ఫాదర్ గారు తొమ్మిదిమందితో సేవాబృందం వేశారు, నలుగురు ఆడవాళ్లు. నెలలో రెండో ఆదివారం పూజ తర్వాత పట్టే చందా 12,000 దాకా వస్తోంది. ఎనిమిది ఇళ్లవాళ్లను గుడి దగ్గరికి పిలిచి తలా ఒక 25 కిలోల బియ్యం బస్తా ఇచ్చేద్దామని పెద్దలు అంటున్నారు. అది సరైన పద్ధతేనా? ఇళ్లు ఎలా ఎంచుకోవాలి, లెక్క ఎలా రాయాలి? కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్లు కూడా పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా? వరద రోజులకు ఏం సిద్ధం చేసుకోవాలో కూడా చెప్పండి.

గడపదాకా

బస్తాలు కొనకముందు ఒక నెలంతా ఇళ్లకు తిరగండి. బియ్యం కార్డున్న ఇంటికి మనిషికి నెలకు 5 కిలోలు ఎలాగూ వస్తున్నాయి, మరీ పేదలకిచ్చే అంత్యోదయ కార్డైతే ఇంటికి 35 కిలోలు. ఆ ఇళ్లలో కొరత బియ్యానికి కాదు. పప్పుకి, నూనెకి, గుడ్డుకి, గ్యాస్ బండకి, మందులకి. మీ బస్తా కూడా ఇస్తే అందులో సగం అమ్ముకుని నూనె కొనుక్కుంటారు. అది వాళ్ల తప్పు కాదు, మనం చూడకుండా ఇవ్వడమే తప్పు. కార్డు లేని ఇంటికైతే బియ్యమే ముందు.

ఇద్దరిద్దరుగా వెళ్లండి, జంటలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. ఒంటరి ఆడమనిషి ఇంటికి, పిల్లలు మాత్రమే ఉన్న ఇంటికి మగవాళ్లు ఒక్కరే వెళ్లకూడదు, ఎంత తెలిసినవాళ్లైనా సరే. పొద్దున్న కూలికి వెళ్లిపోతారు కాబట్టి సాయంత్రం ఐదు దాటాక వెళ్లండి. వాళ్ల ఎదుట పుస్తకం తీసి రాయకండి, ప్రభుత్వ సర్వే అనుకుని బిగుసుకుపోతారు. కూర్చుని మాట్లాడి, వీధి మలుపు తిరిగాక రాసుకోండి. ఆ పుస్తకంలో కులం, మతం గడులు వద్దు. పూజకు వస్తారా రారా అన్నది సాయానికి కొలత కాకూడదు.

అడిగితే "బాగానే ఉన్నామండి" అంటారు. కాబట్టి కళ్లతో చూడాలి. షుగరు మాత్రల స్ట్రిప్పు కత్తిరించి రెండేసి మాత్రలు కొనుక్కొస్తున్నారంటే రోజు మార్చి రోజు మింగుతున్నారేమో అడగండి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. అక్కడికి వెళ్లే ఆటో ఖర్చు, తోడుగా ఒక మనిషి, ఇవే మీ సాయం.

పింఛను విషయం తప్పకుండా అడగండి. వృద్ధాప్య, వితంతు పింఛను నెలకు 4,000. మీ బస్తా కంటే అదెంతో పెద్దది. పొలం పనికి వేళ్లు అరిగిన ముసలివాళ్లకు వేలిముద్ర పడక ఆధార్ దగ్గర పని ఆగిపోతుంది. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలు, కనుపాప కొత్తగా నమోదు చేయించండి. కాగితాల జిరాక్సు మీరు తీయించి, అసలు మాత్రం అక్కడే వాళ్ల చేతికి ఇచ్చేయండి. బృందం దగ్గర అసలు కాగితం ఒక్కటి కూడా ఉండకూడదు.

గుడి దగ్గరికి పిలిచి ఇవ్వడం మానేయండి, ఫొటోలు అసలే వద్దు. వరసలో నిలబడ్డ తల్లిని, ఆమె కొడుకుతో బడిలో చదివే పిల్లలు చూస్తారు. మామూలు కూరగాయల సంచిలో పెట్టి చీకటి పడ్డాక ఇంటికే ఇచ్చిరండి.

ఇంకొక్కటి. డిసెంబరులో సార్వా (వానాకాలం వరి) కోతలు, కూలి దొరుకుతుంది, క్రీస్తు జయంతికి అందరూ ఇస్తారు. చేతులు ఖాళీగా ఉండేది ఊడ్పులయ్యాక కోతలదాకా, మళ్లీ దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలకు నీళ్లు ఆపేసిన ఎండాకాలం. డిసెంబరులో వచ్చిన డబ్బు దాచి ఆ నెలల్లో ఖర్చుపెట్టండి.

పద్దుపుస్తకం

12,000ని ఇలా పంచి చూడండి: ఆరు ఇళ్లకు సరుకులు 6,000, ఆపద వచ్చిన ఇంటికి 3,000, వరద నిధికి 2,000, ఆటోలు, జిరాక్సులకు 1,000. వెయ్యిలో కార్డున్న ఇంటికి 2 కిలోల కందిపప్పు, 2 లీటర్ల నూనె, 30 గుడ్లు, మిగతాది చింతపండు, ఉల్లి, సబ్బులు. ఒక ఇంటికి మూడు నెలలు అని ముందే చెప్పండి. మూడో నెలలో మళ్లీ కూర్చుని చూసి, అవసరముంటే పొడిగించండి. గడువు చెప్పకుండా మొదలుపెడితే ఆపేరోజు అది శిక్షలా తగులుతుంది.

ఖాతా ఇద్దరి సంతకాలతో ఉండాలి, ఒకరి ఫోన్‌పేలోకి చందా రాకూడదు. చందా పెట్టె ఇద్దరి ఎదుట తెరిచి, నోట్ల వివరం రాసి, అదే రోజు సంతకాలు పెట్టండి. గుడిలో చదివే లెక్కలో ఇళ్ల పేర్లుండవు, "ఆరు ఇళ్లు, 6,000" అని మాత్రమే. 1833లో పారిస్‌లో ఒజనామ్ అనే విద్యార్థి, మిత్రులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సభల్లో (పేదల ఇళ్లకు వెళ్లి సాయం చేసే కథోలిక సంఘం) సమావేశం చివర చందా సంచి తిప్పుతారు. ఎవరెంత వేశారో పక్కవాళ్లకు తెలియదు. మీ తొమ్మిదిమందీ అలాగే చేయండి, తక్కువ సంపాదించేవాళ్లు చిన్నబుచ్చుకోరు.

కువైట్ డబ్బు: పంపేవాళ్లు ఇంకా భారత పౌరులై, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం, ఓసీఐ కార్డున్నా (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తీసుకుని మీకు బదిలీ చెయ్యడానికీ 2020 సవరణ తర్వాత వీల్లేదు. హవాలా, చేతిమీద పంపడం, ఇవి ఎవరు చెప్పినా వద్దు.

ఏటిగట్టుమనిషి

వరద సంగతి. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంతకంటే ముందు ఎగువనున్న భద్రాచలం చూడండి, అక్కడ ఆ మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. భద్రాచలంలో 48 దాటిందంటే ధవళేశ్వరం అంకె కోసం ఆగకుండా సరుకు కట్టడం మొదలుపెట్టండి. మంచం పట్టినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఉన్న లంక (ఏటి మధ్య దిబ్బ) ఇళ్ల జాబితా జూన్‌లోనే సిద్ధంగా ఉండాలి. నీళ్లు రాకముందు వాళ్లను గట్టు దాటించడమే అన్నిటికంటే పెద్ద సాయం.

మొదటి మూడు రోజులు పొయ్యి వెలగదు. పచ్చి బియ్యం పంచితే మూలన తడిసి బూజు పడుతుంది. అటుకులు, బెల్లం, బిస్కెట్లు, పాలపొడి, తాగునీళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, దోమల చుట్టలు, శానిటరీ ప్యాడ్లు ఇవ్వండి. నడుంలోతు నీళ్లలో నెత్తిన పెట్టుకుని మోయాలి కాబట్టి మూట 8 కిలోలు మించకూడదు. పాలిథిన్ కవర్ రెండు పొరలు వేసి మూతి తాడుతో బిగించండి. అగ్గిపెట్టె విడిగా ఇంకో కవర్లో పెట్టాలి. పాత బట్టలు తీసుకోకండి. తడిసి ముద్దయితే వాటిని ఏరడానికే నలుగురు మనుషులు పోతారు. కొత్త లుంగీలు, నైటీలు, తువ్వాళ్లు చాలు. పడవ ఎప్పుడూ అధికారుల అనుమతితో, లైఫ్ జాకెట్లతోనే. మీ బృందంలో ఈత వచ్చినవాళ్లున్నా ఎదురు ప్రవాహంలోకి దిగొద్దు.

నీళ్లు తీశాక పదిరోజులు విరేచనాల భయం. బురదనీటిని మడతపెట్టిన బట్టతో వడగట్టి, తర్వాతే క్లోరిన్ గోలీ వేయాలి, అరగంట ఆగి తాగాలి. ఒక గోలీ ఎన్ని లీటర్లకో కంపెనీని బట్టి మారుతుంది. కవర్ మీద చూసి, బిందె లెక్కలో చెప్పండి.

గడపదాకా

ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే పొడి) గురించి ఒక మాట చేరుస్తాను. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్దదాన్ని ఒక్క గ్లాసులో కలిపి పసిపిల్లలకు పట్టేస్తున్నారు, అంత చిక్కగా తాగితే ప్రమాదం. లీటరు నీళ్ల సీసా ఒకటి వెంట తీసుకెళ్లి వాళ్ల ఎదుట కలిపి చూపించండి. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యమనండి.