టీ-28, ఏ-37: యుద్ధానికి దింపిన ట్రైనర్ల రెక్కల బలం గురించి తెలిసినవారు చెప్పగలరా?

శిక్షణ విమానానికి బాంబులు తగిలించడం తేలిక, ఆ బరువుతో డైవ్ నుంచి పైకి లాగినప్పుడు రెక్క నిలవడమే కష్టం. 1964లో దక్షిణ వియత్నాంలో టీ-28ల రెక్కలు గాల్లోనే ఊడిపోయాయి. అమెరికన్ దళాలు వాటిని వదిలి ఏ-1 దాడి విమానాలకు మారాయి.

టీ-37 శిక్షణ జెట్‌ను ఏ-37 దాడి విమానంగా మార్చిన పద్ధతి వేరు. ఒక్కోటి 1,025 పౌండ్ల థ్రస్ట్ ఇచ్చే ఇంజిన్ల స్థానంలో 2,850 పౌండ్ల జే85లు పెట్టారు, రెక్కల కింద ఎనిమిది హార్డ్‌పాయింట్లు (ఆయుధాలు తగిలించే చోట్లు), ముక్కులో మినీగన్ (చాలా వేగంగా కాల్చే తుపాకీ). టేకాఫ్ బరువు సుమారు 6,600 నుంచి 14,000 పౌండ్లకు, అంటే రెట్టింపు దాటింది! అయినా అది గట్టిగా నిలబడింది, అదే నాకు ఆశ్చర్యం.

నాకు కావలసింది ఇది: ఏ-37బీ రకంలో మెయిన్ స్పార్ (రెక్క బరువు మోసే ప్రధాన దూలం) మందం పెంచారా, రెక్క మూలంలోని అటాచ్‌మెంట్ ఫిట్టింగులు మాత్రమే మార్చారా? పూర్తి లోడుతో జీ పరిమితి (గురుత్వానికి ఎన్ని రెట్ల బలం తట్టుకోవచ్చనే హద్దు) ఎంతకు తగ్గించారు? రాకెట్ పాడ్ ఒక వైపే ఖాళీ అయితే ఆ పరిమితి ఇంకా తగ్గుతుందా? ఫ్లైట్ మాన్యువల్‌లోని లోడింగ్ చార్టులు చదివినవారు దయచేసి అంకెలతో చెప్పండి. ఫెటీగ్ (పదేపదే ఒత్తిడితో లోహం బలహీనపడటం) తనిఖీ ఎన్ని గంటలకోసారో తెలిస్తే మరీ మేలు.