ఓల్బియా డాల్ఫిన్ కంచు ముక్కలు: చలామణి నాణేలా, మొక్కుబడులా?

క్రీ.పూ. 6వ శతాబ్దంలో మిలేటస్ (నేటి టర్కీ తీరంలోని ప్రాచీన నగరం) గ్రీకులు నల్ల సముద్రపు ఉత్తర తీరాన, నేటి ఉక్రెయిన్‌లో, స్థాపించిన ఓల్బియా నగరపు కంచు నాణేల గురించి చదువుతూ ఒక సందేహం దగ్గర ఆగిపోయాను. ఇతర గ్రీకు నగరాలు సాధారణంగా లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టి నాణేన్ని ముద్రిస్తుండగా, ఓల్బియావారు కరిగించిన కంచును మూసల్లో పోసి చిన్న చిన్న డాల్ఫిన్లను, గోర్గాన్ (గ్రీకు పురాణాల్లో పాముల జుట్టు గల రాక్షసి) ముఖం గల పెద్ద గుండ్రని బిళ్లలను తయారుచేశారు. చేప ఆకారపు డబ్బు అన్న ఊహే ముచ్చటగా ఉంది (డాల్ఫిన్ చేప కాదన్నది వేరే సంగతి).

కొన్ని డాల్ఫిన్లపై 'థు', 'అరిఖో' అనే గ్రీకు అక్షరాలు ఉండడం చూస్తే అవి డబ్బేననిపిస్తుంది. కానీ ఆ నగరంలో గ్రీకు దేవుడు అపోలోను డెల్ఫీనియోస్ పేరుతో, అంటే డాల్ఫిన్‌తో ముడిపడిన దైవంగా, కొలిచేవారు కనుక అవి మొక్కుబడులు కూడా కావచ్చు కదా? నగరంలో క్రయవిక్రయాలన్నీ ఓల్బియా రాగి, వెండి నాణేలతోనే జరగాలని శాసించిన క్రీ.పూ. 4వ శతాబ్దపు కనోబస్ శాసనం (కనోబస్ అనే పౌరుడు ప్రతిపాదించిన ఓల్బియా నగర చట్టం)లోని 'రాగి' అనే మాట ఈ డాల్ఫిన్లకూ వర్తిస్తుందా, లేక ముద్రిత నాణేలకు మాత్రమేనా? తవ్వకాల వివరాలు తెలిసినవారు, ఇవి సమాధుల్లో, ఆలయ ప్రాంగణాల్లో, ఇళ్లలో ఏయే సందర్భాల్లో దొరికాయో ఆధారాలతో వివరించగలరని కోరుతున్నాను.